గాజుమీది దిద్దుబాటు: ప్రకృతి చరిత్ర మ్యూజియంలు – డిజైన్ పరిశోధన

ప్రకృతి చరిత్ర మ్యూజియంల భవిష్యత్తును గురించిన చర్చల్లో డిజైన్ పరిశోధనకు తరచుగా దక్కేది అలంకారిక స్థానమే. విషయాన్ని శాస్త్రవేత్తలు నిర్ణయిస్తారు, దానికి తెరలు, దీపాలు, శబ్దాలు డిజైనర్లు సమకూరుస్తారు అన్న విభజన ఇందుకు మూలం. ఈ విభజన నిలిచేది కాదు. ఏ వస్తువును ఎక్కడ, ఏ భంగిమలో, దేని పక్కన నిలిపారన్నది కూడా ఒక ప్రతిపాదనే. ఆ ప్రతిపాదన సందర్శకుల మనసులో ఏ అర్థంగా మారుతున్నదో పరీక్షించడమే డిజైన్ పరిశోధన ప్రధాన బాధ్యత.

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం ఇందుకొక ఉదాహరణ. దాని ప్రధాన మందిరంలో 1979 నుండి డిప్లోడోకస్ అస్థిపంజరపు ప్లాస్టర్ ప్రతిరూపం ఉండేది. 2017లో దాని స్థానంలో 25.2 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరాన్ని, నీటిలోకి మునుగుతున్న భంగిమలో, పైకప్పు నుండి వేలాడదీశారు. మనిషి పుట్టకముందే అంతరించిన జీవి స్థానాన్ని, మనిషి వేటవల్ల అంతరించే స్థితికి చేరి మనిషి నిర్ణయంవల్లనే మిగిలిన జీవి ఆక్రమించింది. ఇది కేవలం వస్తువుల మార్పు కాదు, మ్యూజియం తనను తాను నిర్వచించుకున్న తీరులో వచ్చిన మార్పు. అయితే ఆ ఎముకలు వేట చరిత్రను తమంతట తాము చెప్పవు. 'హోప్' అనే పేరు ఆశను మాత్రమే చెప్పి, బాధ్యతను మరుగుపరిచే ప్రమాదం ఉంది.

న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ ఉదాహరణ మరింత జటిలమైనది. 1660 నాటి డచ్చివారికీ, స్థానిక లెనాపే ప్రజలకూ మధ్య జరిగిన భేటీని చూపే డయోరమా ఒకటి 1939 నుండి అక్కడ ఉంది. అందులో డచ్చి పాలకుడు స్టైవెసాంట్‌ను గుర్తించవచ్చు. లెనాపేలు మాత్రం అర్ధనగ్నంగా, పేరులేనివారుగా కనిపిస్తారు. వారి స్త్రీలు బరువులు మోస్తూ వెనుక వంగి నడుస్తుంటారు. 2018లో మ్యూజియం ఈ దృశ్యాన్ని తొలగించలేదు, తిరిగి నిర్మించనూ లేదు. దాని ముందరి గాజుమీదనే పెద్ద అక్షరాలతో తప్పులను ఎత్తిచూపింది. ఇటువంటి చర్చలకు లెనాపేలు ఉచితమైన దుస్తులతో వచ్చేవారనీ, స్త్రీలకు నాయకత్వ స్థానం ఉండేదనీ వివరించింది.

తప్పును దాచకుండా ప్రదర్శనగా మార్చడం ఈ నిర్ణయంలోని గుణం. దాని పరిమితి కూడా అక్కడే ఉంది. దృశ్యం చూడగానే మనసులో నాటుకుంటుంది, అక్షరాలను ఆగి చదవాలి. చదవకుండా సాగిపోయే వారికి, చదవడం రాని పిల్లలకు పాత చిత్రమే మిగులుతుంది. సందర్శకులు ఎంతసేపు నిలిచారు, బయటికి వచ్చి ఏమి చెప్పారు, లెనాపే వారసులు దానిని ఎలా చూశారు అన్న పరిశీలన లేనిదే ఈ దిద్దుబాటు ఫలించిందని నిర్ణయించలేము.

జంతువుల, శిలాజాల సరసన ఒక మానవ సమాజాన్ని ఎందుకు నిలిపారన్న ప్రశ్నకైతే గాజుమీది అక్షరాలు సమాధానం కాజాలవు. 2024 జనవరిలో, తెగల అనుమతిని తప్పనిసరి చేసిన సమాఖ్య నిబంధనల నేపథ్యంలో, ఇదే మ్యూజియం ఆదివాసీ సంస్కృతుల ప్రదర్శనకు చెందిన రెండు మందిరాలను మూసివేసింది. డిజైన్ పరిష్కరించలేని చోట చట్టం ప్రవేశించింది. కనుక సంబంధిత సమాజాల సమ్మతి డిజైన్ పరిశోధనకు తొలి అడుగు కావాలి తప్ప, చివరి లాంఛనం కారాదు.

తెలుగు నేలపై కూడా ఈ చర్చకు ఆధారం ఉంది. గోదావరి లోయలోని యామన్‌పల్లి వద్ద లభించి, 1988లో నామకరణం పొందిన కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. కనీసం పన్నెండు జీవుల అవశేషాలు అక్కడ దొరికాయి; పుర్రె మాత్రం, రెండు దంతాలు మినహా, లభించలేదు. ఇటువంటి జీవిని సంపూర్ణ రూపంలో నిలిపినప్పుడు ఏది లభ్యం, ఏది ఊహ అన్నది కంటికే తెలియాలి. రంగు, పదార్థం, వెలుగు వంటి సాధనాలతో ఆ భేదాన్ని చూపడం, దానిని విద్యార్థులు గ్రహించారో లేదో పరీక్షించడం మన విశ్వవిద్యాలయాల్లోని శిలాజశాస్త్ర, లలితకళా శాఖలు కలిసి చేపట్టదగిన పరిశోధన. జ్ఞానం ఎలా సమకూరిందో, ఎక్కడ ఖాళీ ఉందో చూపగలిగిన మ్యూజియమే రేపటి పాఠకునికి విశ్వసనీయమవుతుంది.