నీడకు చోటిచ్చే బొమ్మ

చేర్యాల పటంలో నీడ ఉండదు. దాని అవసరమూ లేదు. 3 అడుగుల వెడల్పుతో పదుల అడుగుల పొడవున సాగే గుడ్డను వేలాడగట్టి, కథ చెప్పే కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతుంటే, చివర కూర్చున్న ముసలవ్వ కూడా ఎవరెవరో గుర్తుపట్టాలి. అందుకే ఎర్రటి నేపథ్యం, నిండు రంగులు, తేటైన గీత. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉన్న చేర్యాలలో, ఈ పటాలు వేసే నకాషీల బొమ్మ పదిమంది కోసం పుట్టింది. ఒక్కరే ఇంట్లో కూర్చుని, తమ కోసమే వేసుకునే బొమ్మ దారి వేరు. అందులో కొంత దాగాలి. దాచిపెట్టే పని నీడది.

మన చిత్రకళకు నీడ కొత్త కాదు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం మూడు వర్తనలు, అంటే ఛాయ దిద్దే పద్ధతులు, చెప్పింది: ఆకు ఈనెల్లాంటి గీతలతో పత్రజ, అతి సూక్ష్మంగా దిద్దే ఐరిక, చుక్కలతో బిందుజ. అజంతా దేహాలకు నిండుదనం ఇలాంటి ఛాయల వల్లే వచ్చింది. అయితే వెలుగు ఏ కిటికీలోంచి పడుతోందో ఆ నీడ చెప్పదు. ఆ సంగతినే బొమ్మగా మలిచినవాడు డెన్మార్క్ చిత్రకారుడు విల్‌హెల్మ్ హామర్‌షోయ్. 1898 నుంచి 1909 వరకు కోపెన్‌హాగెన్‌లో తాను కాపురమున్న ఇంటి గదులనే 60కి పైగా చిత్రాల్లో వేశాడు. భార్య ఇడా కనిపించినా, చాలాసార్లు వెనుతిరిగే ఉంటుంది.

ఇలాంటి బొమ్మకు అనువైన పద్ధతి మన దగ్గరే ఉంది. వరంగల్ ప్రాంతంలోని పెనుగొండలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చిత్రకళ నేర్చుకున్నారు. అవనీంద్రనాథ్ ఠాగూర్ జపాన్ చిత్రకారుల నుంచి గ్రహించి రూపుదిద్దిన వాష్ పద్ధతి ఆ బెంగాల్ చిత్రకారుల వర్గానిదే. పలుచని నీటిరంగు పూసి, ఆరనిచ్చి, కాగితాన్ని మళ్లీ తడిపి ఇంకో పొర వేస్తారు. అంచులు కరిగి, నీడ మెల్లగా చిక్కబడుతుంది.

ఈ పద్ధతిలో మన అర్రను వేయాలంటే ముందు ఇంటి ఎండను గమనించాలి. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు కాబట్టి దక్షిణపు దర్వాజ నుంచి మిట్టమధ్యాహ్నపు ఎండ గడప దాటదు. డిసెంబర్ చివర అదే వేళకు, చూరు అడ్డులేకపోతే, 7 అడుగుల దర్వాజలోంచి దాదాపు 6 అడుగులు అర్రలోకి సాగుతుంది. బొమ్మకు చలికాలమే మేలు.

సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. అందుకే ఎండ పడిన చోటును మొదటే పెన్సిల్‌తో గీసుకోవాలి. అది ఎంత జరిగినా గీత మార్చకూడదు. మిగిలిన పని మర్నాడు అదే వేళకు చేయాలి. కళ్లు సగం మూసి చూస్తే వస్తువులు పోయి వెలుగు, నీడ, నడిమి ఛాయ మూడే మిగులుతాయి. వెలుగున్న చోట రంగు పూయకుండా కాగితం తెలుపునే వదిలేయాలి.

నీడకు నలుపు వాడితే అర్ర భయపెడుతుంది. అందులో ఉన్న మనిషి ఏకాకిలా తోస్తాడు. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా కలిపితే ఊపిరాడే బూడిదరంగు వస్తుంది. షాబాదు బండల మీద పడిన ఎండ తిరిగి దూలాల అడుగున లేతగా మెరుస్తుంది. ఆ మెరుపును వదలకుండా వేస్తే చీకటి మూల కూడా మనిషి ఇష్టంగా కూర్చునే చోటవుతుంది. తనంతట తాను కోరుకున్న ఏకాంతానికీ, దిక్కులేనితనానికీ బొమ్మలో తేడా చూపేది ఈ కాస్త వెలుగే.

నలుగురిలో నోరు విప్పని వాళ్లకు ఈ పద్ధతి బాగా అచ్చొస్తుంది. ముఖం గీయనక్కర్లేదు, కథ చెప్పనక్కర్లేదు. కుర్చీని వెలుగు వైపు తిప్పారా, గోడ వైపా అన్నదాంట్లోనే మనసు తెలిసిపోతుంది. కావలసినవి 300 జీఎస్ఎం కాగితం, రెండు మూడు రంగులు, ఎవరూ పిలవని ఒక గంట. మొదటి రెండూ దుకాణంలో దొరుకుతాయి. మూడోదాని కోసం ఇంట్లోవాళ్లను ముందే అడిగి పెట్టుకోవాలి.