చిటపట ఆగేదాకా

మా అమ్మమ్మ ఆముదం కొనేది కాదు. చేను గట్ల మీద కాసిన ఆముదపు కాయలు ఎండబెట్టి, గింజలు ఒలిచి, మూకుట్లో వేయించి, రోట్లో మెత్తగా దంచేది. ఆ ముద్దను నీళ్లు పోసిన కుండలో వేసి పెరటి పొయ్యి మీద పెడితే కాసేపటికి నూనె పైకి తేలేది. దాన్ని గరిటెతో పైపైన తేర్చి, ఇంకో గిన్నెలోకి తీసి మళ్లీ కాచేది. ఆ రెండో కాపు దగ్గర కాపలా నాది. ‘‘చిటపట ఆగేదాకా లేవకు. ఆగిందా, వెంటనే నన్ను పిలువు’’ అనేది. నూనెలో తడి ఉన్నంతసేపూ గిన్నె చిటపటలాడుతుంది. తడి పోయేకొద్దీ చప్పుడు సన్నబడి ఆగిపోతుంది. ఆ తర్వాత ఇంకాస్త ఆలస్యమైతే మాడు వాసన పట్టేస్తుంది, అది ఇక పోదు. వంటాముదం చేయడంలో కష్టమంతా రోకలిది, నేర్పంతా చెవిది.

ఒంటికీ జుట్టుకూ రాసుకునేవాటి గురించి రాయడం నాకు పనిగా మారి చాలా ఏళ్లయింది. మీరేం వాడతారని అడిగే పాఠకులకు చెప్పడానికి నా దగ్గర ఎక్కువ లేవు. తలకు వారానికోసారి వంటాముదం. ఒంటికి సున్నిపిండి. పెసలు, శనగపప్పు, కచ్చూరాలు, బావంచాలు, తుంగముస్తలు, వట్టివేళ్లు, నీడన ఎండిన గులాబీ రేకులు, ఒక పసుపు కొమ్ము. పిండి మరీ మెత్తగా పట్టించకూడదు, వేళ్ల మధ్య సన్నటి రవ్వలా తగలాలి. బావంచాలు రాసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి చర్మం కమిలి మచ్చలు పడతాయి, అందుకని అవి లేకుండా పట్టించుకోమనే ఎక్కువమందికి చెబుతాను. ఇక పెదవులకూ మడమలకూ షియా వెన్న. ఈ చివరిది మా ఇంటిది కాదు. తెల్లగా, వాసన లేకుండా డబ్బాలో వచ్చే షియా గురించి ఎన్నోసార్లు రాశాను. చర్మంలో ఎలా ఇంకుతుందో రాశాను, ఏ కాలంలో వాడాలో రాశాను. అది ఎవరి చేతుల్లోంచి వస్తుందో ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఆ బాకీ తీర్చుకోవాలనే ఒక ఏడాది వానాకాలంలో మూడు నెలలు, షియా చెట్లు పెరిగే ఘనా ఉత్తర ప్రాంతంలో స్వచ్ఛంద సేవకు వెళ్లాను.

అక్కడి పెద్ద పట్టణం తమాలే. అక్కడివాళ్ల దగ్బానీ భాషలో ‘తమ’ అంటే షియా పండు. ఊరి పేరులోనే చెట్టు ఉందన్నమాట. నన్ను తీసుకెళ్లిన సంస్థ బడి గోడలకు రంగులు వేయమంది. రంగులు వేసేవాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారు, వాళ్లకు ఆ కూలి అవసరం కూడా. వారం తిరక్కుండానే నాకు మనసొప్పలేదు. దగ్గర్లో షియా తీసే ఆడవాళ్ల సంఘం ఉంటే వెళ్లి ఏం కావాలని అడిగాను. లెక్కల పుస్తకం రాసిపెట్టమన్నారు. ఎవరు ఎన్ని గిన్నెల గింజలు పోశారు, ఎన్ని అమ్ముడయ్యాయి, ఎవరికెంత రావాలి. కొనేవాళ్ల గిన్నె పెద్దది, వీళ్ల గిన్నె చిన్నది. మానికతో ధాన్యం కొలిచిన కాలంలో మా అమ్మమ్మ పడిన గొడవే ఇదీ. ఒక కాటా కొని, గిన్నెల లెక్కను కిలోల్లోకి మార్చి రాయడం మొదలుపెట్టాం. ఆ మూడు నెలల్లో నా వల్ల జరిగిన మేలు ఏదైనా ఉంటే అది ఆ కాటాయే.

షియా చెట్టు సెనెగల్ నుంచి ఉగాండా దాకా, సహారాకు దిగువనున్న గడ్డిభూముల్లో పెరుగుతుంది. దాన్ని నాటేవాళ్లు అరుదు. చేలో దానంతటది మొలిస్తే కొట్టకుండా ఉంచుకుంటారు. కాపుకు రావడానికి 15, 20 ఏళ్లు పడుతుంది. ఆడవాళ్లు తెల్లవారకముందే బయల్దేరి, రాలిన పండ్లు ఏరి తట్టల్లో నెత్తిన పెట్టుకొస్తారు. గడ్డిలో పాములూ తేళ్లూ ఉంటాయి. పండు తియ్యగా ఉంటుంది, ఏరుతూనే తింటారు. గుజ్జు తీసిన గింజను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. గోధుమరంగులో నిగనిగలాడుతూ, ఒక పక్క లేత మచ్చతో అచ్చం సపోటా గింజ, కాకపోతే బాగా పెద్దది. నిజంగానే షియా, సపోటా, మన ఇప్ప, మన పొగడ అన్నీ ఒకే కుటుంబం చెట్లు. ఆదిలాబాద్ అడవుల్లో గోండు ఆడవాళ్లు ఇప్ప పలుకులు ఏరి నూనె తీయడం అంతకుముందే చూశాను. ఆ చెట్టుకు చుట్టం ఇంత దూరంలో ఉందని అప్పుడే తెలిసింది.

గింజలు ఉడకబెట్టి, ఎండేసి, పెంకు కొట్టి, లోపలి పప్పు దంచి, వేయించి, మరపట్టిస్తారు. కరిగిన చాక్లెట్‌లాంటి ముద్ద తయారవుతుంది. అసలు పని ఆ తర్వాత. పెద్ద బేసిన్‌లో ముద్ద వేసుకుని, కొద్దికొద్దిగా నీళ్లు చిలకరిస్తూ, మోచేతి దాకా చెయ్యి ముంచి గుండ్రంగా బాదుతారు. నీళ్లు వేడెక్కువైతే కొవ్వు కరిగిపోతుంది, మరీ చల్లగా ఉంటే బిగుసుకుపోతుంది. ఎంత వేడి కావాలో చెయ్యే చెబుతుంది. నేను పది నిమిషాలు బాదేసరికి భుజం పట్టేసింది. వాళ్లు ఒకరు అలసిపోతే ఇంకొకరు చెయ్యి వేస్తూ గంటకు పైగా బాదారు. ముదురు రంగు మెల్లగా పాలిపోయింది. చూస్తూ ఉండగానే ముద్ద బరువెక్కి, ఒక్కసారిగా పట్టు వదిలింది. చన్నీళ్లు పోశారు. మజ్జిగ మీద వెన్న తేలినట్టు తెల్లగా, నురగ నురగగా తేలింది. దోసిళ్లతో ఎత్తి, నాలుగైదు నీళ్లు మార్చి కడిగారు.

ఆ ఆడవాళ్లు దాన్ని కూరల్లో వేస్తారు, పురిటి బిడ్డకు రాసి కాళ్లూ చేతులూ సాగదీస్తారు, సహారా వైపు నుంచి ఎండుగాలి వీచే నెలల్లో ఒళ్లు పగలకుండా పూసుకుంటారు. బయటికెళ్లే షియాలో ఎక్కువ భాగం మాత్రం ఒంటికి కాదు, మిఠాయిలకూ చాక్లెట్‌కూ పోతుంది. చాక్లెట్‌లో కోకో వెన్న కాకుండా వేరే కొవ్వులు 5 శాతం దాకా కలపొచ్చని యూరప్‌లో 2000లో నిబంధన వచ్చింది. ఆ కొవ్వుల జాబితాలో షియాతో పాటు సాల గింజలు, మామిడి జీడి కూడా ఉన్నాయి.

పాఠకులకు ఒకమాట. అక్కడ చేతితో తీసిన షియా మీగడ రంగులో ఉంటుంది, పొగ వాసన వేస్తుంది. ఆ వాసన చూసి పాడైందనుకోకండి, అది పొయ్యి వాసన. ఫ్యాక్టరీలో శుద్ధి చేస్తేనే అది పోతుంది. షియా ఎండ నుంచి కాపాడుతుందనే మాట మాత్రం నమ్మకండి. ఆ గుణం ఉన్నా చాలా తక్కువ, సన్‌స్క్రీన్ బదులు పనికిరాదు.

ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం, కడిగిన వెన్న కుండలో కాగుతోంది. పొయ్యి చూసుకునే పెద్దావిడను అందరిలాగే నేనూ ‘మ్మా’ అని పిలిచేదాన్ని. వాళ్ల భాషలో ‘మా అమ్మ’ అని అర్థం. ఆవిడ మనవడు ఏడుస్తుంటే లేచి వెళ్లింది. నేను పక్కనే లెక్కలు రాసుకుంటున్నాను. కుండలో చిటపట సన్నబడింది. నా కలం ఆగిపోయింది. ఆ చప్పుడు నాకు తెలుసు. మళ్లీ ఒకటి రెండు చిటచిటలు, ఆ తర్వాత ఏమీ లేదు. లేచి పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగేశాను. ఆవిడ పరుగున వచ్చి, వంగి, కుండకు చెవి ఒగ్గి వింది. పుల్ల ముంచి ఎత్తి, జారిన చుక్కను వేలి మీద రుద్ది చూసింది. ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున నేను ‘దసిబా’ అని వాళ్ల పొద్దుటి పలకరింపు చెబుతూ వెళ్లేసరికి కుండ పక్కన ఇంకో ముక్కాలిపీట వేసి ఉంది.