బోధకుడే విద్యార్థి: హెర్న్, హెస్లర్ రచనలలో పరాయి నేలపై ఆంగ్ల బోధన తొలి వారాలు – తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

పరాయి దేశానికి ఆంగ్లం బోధించడానికి వెళ్లినవారు తమ తొలి వారాలను గ్రంథస్థం చేసిన రచనలు యాత్రాసాహిత్యానికీ ఆత్మకథకూ నడుమ నిలుస్తాయి. లఫ్కాడియో హెర్న్ (1850–1904) జపాన్ అనుభవాల సంపుటి ‘గ్లింప్సెస్ ఆఫ్ అన్‌ఫెమిలియర్ జపాన్’ (1894), పీటర్ హెస్లర్ చైనా అనుభవాల గ్రంథం ‘రివర్ టౌన్’ (2001) ఈ కోవకు చెందినవి. లిపి, తరగతి గది, భాషాభ్యాసం, రాజ్యం అనే నాలుగు అంశాల ఆధారంగా ఈ రెండు రచనలలోని తొలి రోజుల చిత్రణను తులనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఆంగ్ల బోధన, యాత్రాసాహిత్యం, హెర్న్, హెస్లర్, మత్సుయే, ఫూలింగ్, తులనాత్మక విమర్శ.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో యాత్రాసాహిత్య పరిశోధన సాధారణంగా ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’తో మొదలవుతుంది. 1830–31 నాటి ప్రయాణాన్ని నమోదు చేసిన ఆ గ్రంథం ఒక దృక్కోణాన్ని స్థిరపరచింది. యాత్రికుడు చూస్తాడు, విచారిస్తాడు, రాసుకుంటాడు, ముందుకు సాగుతాడు. ఊరితో అతని సంబంధం మజిలీ ఉన్నంతవరకే.

బోధకుని స్థితి వేరు. అతడు మర్నాడు కూడా అదే గదికి వెళ్లాలి, అవే ముఖాల ఎదుట నిలబడాలి. తాను తెలుసుకోవలసింది ఎంతో ఉండగానే తెలిసినవాని పాత్ర పోషించాలి. అతని చేతిలో కాలపట్టిక ఉంటుంది, పాఠ్యపుస్తకం ఉంటుంది; గది దాటితే కూరగాయలు కొనడానికి కూడా మాట చాలదు. తరగతిలో అధికారం, వీధిలో అసహాయత ఒకే మనిషిలో ఒకే రోజున కలిసి ఉండటమే ఈ తరహా రచనలకు మూలమైన వైరుధ్యం. తొలి వారాలలో ఇది అత్యంత తీవ్రంగా ఉంటుంది. అలవాటు ఏర్పడిన కొద్దీ మరుగున పడుతుంది. కనుక ఒక రచయిత పరాయి సమాజాన్ని ఏ స్థానం నుంచి చూశాడో తేల్చుకోవడానికి ఆ తొలి వారాల చిత్రణ గట్టి ఆధారం.

2. రచనల నేపథ్యం:

హెర్న్ వృత్తిరీత్యా పత్రికారచయిత. సిన్సినాటి, న్యూ ఆర్లియన్స్ నగరాల పత్రికలలో పనిచేసి, 1890 ఏప్రిల్‌లో హార్పర్స్ సంస్థకు వ్యాసాలు రాసే నిమిత్తం యొకొహామా చేరాడు. కొద్దికాలానికే ఆ సంస్థతో తెగతెంపులు చేసుకున్నాడు. టోక్యోలో ఆచార్యుడైన బాసిల్ హాల్ చాంబర్లేన్ తదితరుల సహాయంతో మత్సుయే పట్టణంలోని మధ్యమ పాఠశాలలోనూ, ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలోనూ ఆంగ్ల బోధకునిగా ఒప్పందం కుదిరింది. ‘ఒక ఆంగ్లోపాధ్యాయుని దినచర్య నుండి’ అన్న అర్థం వచ్చే శీర్షికగల అతని వ్యాసం 1890 సెప్టెంబరు 2 తేదీతో ఆరంభమవుతుంది. అప్పటికి అతనికి నలభై ఏళ్లు. బోధనలో ముందస్తు శిక్షణ లేదు.

హెస్లర్ 1996 ఆగస్టు చివర యాంగ్జీ నదిపై పడవలో ఫూలింగ్ చేరాడు. ప్రిన్స్‌టన్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలలో చదివిన ఇరవై ఏడేళ్ల యువకుడు. అమెరికా పీస్ కోర్ తరఫున చెంగ్డూలో రెండు నెలల శిక్షణ పొంది, సహచరుడైన మరొక స్వచ్ఛంద బోధకునితో కలిసి ఫూలింగ్ ఉపాధ్యాయ కళాశాలలో చేరాడు.

నూరేళ్ల పైబడిన ఎడమున్నా ఈ రెండు సందర్భాలకు ఒక ముఖ్యమైన సామ్యం ఉంది. మత్సుయేలోని శిక్షణ పాఠశాల, ఫూలింగ్‌లోని కళాశాల రెండూ ఉపాధ్యాయులను తయారుచేసేవే. విద్యార్థులు చదువు ముగిశాక ప్రభుత్వానికి కట్టుబడి పాఠాలు చెప్పవలసినవారు. అంటే ఈ ఇద్దరూ బోధించింది రేపటి బోధకులకు.

3. చదవలేని అక్షరం:

హెర్న్ సంపుటిలోని తొలి వ్యాసం యొకొహామాలో అతని మొదటి రోజును వర్ణిస్తుంది. రిక్షా బండిలో వీధుల వెంట తిరుగుతూ అంగళ్ల పలకలపైనా, తెరలపైనా ఉన్న లిపిని చూసి అతడు పరవశిస్తాడు. ఒక్కదానినీ చదవలేడు. అయినా ఆ అక్షరాలు అతనికి ప్రాణమున్న బొమ్మలుగా కనిపిస్తాయి. చివరకు అవి అతని కలలోకి కూడా వస్తాయి. ఇక్కడ నిరక్షరాస్యత లోటు కాదు, సౌందర్యానుభూతికి హేతువు. అర్థం తెలియకపోవడం వల్లనే రూపం అంతగా ఆకర్షించింది.

హెస్లర్‌కు అదే స్థితి భిన్నంగా ఎదురవుతుంది. కళాశాల పరిసరాలలో గోడలపై ఉన్న నినాదాలు మొదట అతనికి అర్థంకాని గీతలు. వారాలు గడిచేకొద్దీ ఒక్కొక్క అక్షరం తెలుస్తూ అవి పదాలుగా, ఆపై వాక్యాలుగా రూపుకడతాయి. వాక్యం పూర్తయ్యేసరికి అది రాజకీయ ప్రబోధమని తేలుతుంది.

ఈ రెండు చిత్రణలను పక్కపక్కన ఉంచితే అక్షరం తెలియకముందు అందంగా ఉండి, తెలిశాక ఆజ్ఞగా మారే క్రమం స్పష్టమవుతుంది. హెర్న్ తొలి వ్యాసం మొదటి దశలోనే ఆగింది. హెస్లర్ రెండవ దశ దాకా నడిచాడు. హెర్న్ తర్వాతి కాలంలో జపాన్ స్త్రీని వివాహమాడి, 1896లో కొయిజుమి యకుమో పేరుతో జపాన్ పౌరుడైనప్పటికీ ఆ దేశపు గ్రంథాలను స్వతంత్రంగా చదవగల స్థితికి చేరలేదు. భార్య చెప్పిన కథలే అతని కథాసంపుటాలకు ఆధారమయ్యాయి. కనుక తొలిరోజున కనిపించిన పరవశం ఒక తాత్కాలిక భావం కాదని, అతని రచనా జీవితమంతటికీ వర్తించే స్వభావమని గ్రహించాలి.

4. తరగతి గది – ముఖాలు, పేర్లు:

కొత్తగా వచ్చిన బోధకునికి విద్యార్థుల ముఖాలన్నీ ఒకే తీరుగా కనిపించాయని, పరిచయం పెరిగిన కొద్దీ ఒక్కొక్కరి వ్యక్తిత్వం విడివడి తోచిందని హెర్న్ చిత్రణ తెలుపుతుంది. అందరూ ఒకేలా ఉన్నారనడం పరాయివాడు చేసే సామాన్య దోషం. అయితే హెర్న్ ఆ భావాన్ని సిద్ధాంతంగా నిలబెట్టక, తన చూపు మారిన తీరును కూడా నమోదు చేశాడు. వ్యాసం ముగిసేసరికి అకాలమరణం పొందిన విద్యార్థులు పేర్లతో, స్వభావాలతో పాఠకునికి గుర్తుండిపోతారు.

ఫూలింగ్ విద్యార్థులు తమకు తామే ఆంగ్ల నామాలు పెట్టుకున్నారు. కొన్ని వింతగా, నవ్వు పుట్టించేవిగా ఉంటాయి. వాటిని హాస్యానికి వాడుకోవడం ఏ రచయితకైనా సులభం. హెస్లర్ ఆ హాస్యాన్ని పూర్తిగా వదులుకోలేదు. అయితే అధిక భాగం రైతుకుటుంబాల నుంచి వచ్చిన ఆ యువతీయువకులు ఒక పరాయి భాషలో తమను తాము నిర్మించుకుంటున్నారన్న స్పృహ కథనంలో నిలిచి ఉంటుంది.

పేరు మార్పు బోధకులకూ తప్పలేదు. హెర్న్ మత్సుయేలో ‘హెరున్’ అయ్యాడు. హెస్లర్ ‘హో వేయ్’ అయ్యాడు. మొదటిది ఉచ్చారణ వల్ల ఏర్పడినది; రెండవది బుద్ధిపూర్వకంగా స్వీకరించినది. హెస్లర్ దీనిని కథన సాధనంగా మలచుకున్నాడు. ఆంగ్లంలో పాఠం చెప్పే వ్యక్తి, చైనా భాషలో తడబడే హో వేయ్ ఇద్దరు వేర్వేరు మనుషులన్నట్లు రాశాడు. ఉపోద్ఘాతంలో పేర్కొన్న వైరుధ్యానికి ఇది సాహిత్యరూపం.

5. బోధకుడు విద్యార్థి అయిన వేళ:

మత్సుయేలో హెర్న్‌కు మార్గదర్శి నిషిదా సెంతారో. పాఠశాలలో ప్రధాన బాధ్యతలు నిర్వహిస్తున్న ఆ అధ్యాపకుడు ఆంగ్లం తెలిసినవాడు. తోటి అధ్యాపకులకు పరిచయం చేయడం, కాలపట్టిక, పాఠ్యపుస్తకాలు వివరించడం, గవర్నరు దర్శనానికి తీసుకువెళ్లి మర్యాదలు నేర్పడం వంటివన్నీ అతడే చేశాడు. హెర్న్ 1895లో ప్రచురించిన ‘అవుట్ ఆఫ్ ది ఈస్ట్’ గ్రంథాన్ని నిషిదాకే అంకితమిచ్చాడు. విదేశీ బోధకుని విజయం వెనుక స్థానిక సహోద్యోగి శ్రమ ఎంత ఉంటుందో ఈ అంకితం చెబుతుంది. జపాన్ భాష రాకుండా పాఠమెలా చెప్పాలన్న సంకోచానికి హెర్న్ కనుగొన్న పరిష్కారం నెమ్మదిగా మాట్లాడటం, నల్లబల్లపై రాయడం. టోక్యో విశ్వవిద్యాలయంలో అతడు చేసిన సాహిత్యోపన్యాసాలు విద్యార్థులు రాసుకున్న ప్రతుల నుంచి మరణానంతరం గ్రంథాలుగా వచ్చాయి. వినేవాని కలం వేగాన్ని బట్టి మాట్లాడే గుణం లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు.

ఫూలింగ్‌లో హెస్లర్ మరొక అడుగు వేశాడు. స్థానిక అధ్యాపకుల వద్ద చైనా భాష నేర్చుకోవడానికి కూర్చున్నాడు. ఉచ్చారణ తప్పినప్పుడల్లా ఆయన గురువు మొగమాటం లేకుండా ‘తప్పు’ అని ఆపేవారు. మెచ్చుకోలుకు అలవాటుపడిన అమెరికన్ విద్యావిధానం నుంచి వచ్చినవానికి ఆ మాట మొదట గుచ్చుకుంది. తర్వాత పట్టుదలను పెంచింది. ఉదయం ఇతరుల తప్పులు దిద్దినవాడే మధ్యాహ్నం తన తప్పులు దిద్దించుకోవలసి రావడంతో బోధకుని అధికారానికి ఒక హద్దు ఏర్పడింది.

సాహిత్య బోధనలోనూ ఇది కనిపిస్తుంది. షేక్‌స్పియర్ సానెట్‌లోని సుందరిని ఊహించమంటే విద్యార్థులు తమ సంప్రదాయంలోని సుందరిని వర్ణించారు. ఛందోగతిని వారు శ్రద్ధగా విన్నారు. ప్రాచీన చైనా కవితలు అనేకం వారికి కంఠస్థం. ఆంగ్ల కవిత్వం వారికి కొత్త. కవిత్వం కొత్త కాదు. శతకపద్యాలు వల్లించి పెరిగిన విద్యార్థులకు పాఠం చెప్పే తెలుగు అధ్యాపకులకు ఈ భేదం విడమరచి చెప్పనక్కరలేదు. పరాయి బోధకుడు దీనిని గుర్తించడానికి తన పాఠ్యప్రణాళికను కాసేపు పక్కనపెట్టాలి. హెస్లర్ అధ్యాయాలలో బలమైనవి ఆ గుర్తింపు జరిగిన చోట్లే.

6. తరగతిలో రాజ్యం:

రెండు రచనలలోనూ రాజ్యం తొలి వారాలలోనే పాఠశాల ప్రాంగణంలో ప్రత్యక్షమవుతుంది. 1890 అక్టోబరు 30న జపాన్ చక్రవర్తి పేరిట విద్యా శాసనం వెలువడింది. గవర్నరు కొతెదా దానిని సభలో చదివిన తీరును హెర్న్ భక్తిభావంతో వర్ణించాడు. శిక్షణ పాఠశాలలోని సైనిక క్రమశిక్షణను అతడు గమనించాడు గానీ దాని పర్యవసానాన్ని ప్రశ్నించలేదు.

ఫూలింగ్‌లో లాంగ్ మార్చ్ అరవైయవ వార్షికోత్సవ సందర్భంగా విద్యార్థి బృందం యెనాన్ దాకా వెయ్యి మైళ్లు నడిచింది. వారికి స్వాగతంగా జరిగిన సభ హెస్లర్ గ్రంథం ఆరంభంలోనే వస్తుంది. ఆంగ్ల సాహిత్య పాఠ్యపుస్తకం కూడా వర్గపోరాట దృష్టితో రాసినదే. హెస్లర్ దీనిని పరిహాసంతో చూశాడు. కానీ తనను పంపినది కూడా ఒక రాజ్యమేనన్న విషయం అతని కథనంలో అంత బలంగా పలకదు. ఒకరి భక్తి, మరొకరి పరిహాసం రెండూ దూరం నుంచి పుట్టినవే.

7. పరిమితులు:

ఈ రచనలలో విద్యార్థుల గొంతు వినిపిస్తుంది. ఇద్దరూ వారి ఆంగ్ల రచనలను ఉదాహరించారు. అది ప్రశంసించదగిన పద్ధతే. అయితే ఆ గొంతు బోధకుడు ఇచ్చిన అంశంపై, బోధకుని భాషలో, బోధకుడు ఏరిన మేరకే వినిపిస్తుంది. మార్కులు వేసేవానికోసం రాసిన వ్యాసంలో రాసినవాని మనసు ఎంత ఉందో తేల్చడం కష్టం. వాటిని ఒక జాతి స్వభావానికి సాక్ష్యాలుగా స్వీకరించడంలో హెర్న్ ఎక్కువగా, హెస్లర్ కొంతగా తొందరపడ్డారు. తరగతి రచన ముందుగా తరగతి నియమాలకు సాక్ష్యం. ఆ తర్వాతనే సంస్కృతికి.

8. ముగింపు:

1. బోధకుని తొలి వారాల కథనం యాత్రాసాహిత్యంలో అంతర్భాగమైనా, బాధ్యత, కాలపట్టిక, అధికారం అనే మూడు అంశాల వల్ల దానికి ప్రత్యేక లక్షణాలు ఏర్పడ్డాయి.

2. లిపిని చూసే తీరు రచయిత స్థానాన్ని పట్టిస్తుంది. హెర్న్‌ది ఆరాధకుని చూపు. హెస్లర్‌ది అభ్యాసకుని చూపు.

3. స్థానిక సహోద్యోగి, భాషాగురువు ఈ కథనాలలో పక్కపాత్రలుగా కనిపించినా కథనానికి ఆధారం వారే.

4. ఉదాహరించిన విద్యార్థి రచనలను పఠించేటప్పుడు బోధకుని ఎంపికను కూడా విమర్శకుడు లెక్కలోకి తీసుకోవాలి.

ఇథియోపియా, నైజీరియా మొదలైన దేశాలలో బోధించిన భారతీయ అధ్యాపకులలో తెలుగువారూ ఉన్నారు. వారి లేఖలు, జ్ఞాపకాలు ఈ దృష్టితో సేకరించి పరిశీలించదగినవి. బాల్యం నుంచే ఆంగ్లంలో పెరిగిన హెర్న్, హెస్లర్‌లకు లేని ఒక చిక్కు వారికి ఉంది: తాము బోధించే భాష కూడా తాము నేర్చుకున్నదే. తాను పడిన తడబాటునే ఎదుటి విద్యార్థిలో చూసే బోధకుని కథనం పై రెండు రచనలకంటే భిన్నంగా ఉండగలదు. ఆ భేదాన్ని నిర్ధారించాలంటే ముందు ఆ ఆధారాలు కుటుంబాల పెట్టెలలో నుంచి పరిశోధకుల చేతికి రావాలి.