నేరకథలో పేరున్నవారు, పేరులేనివారు: సర్వాయి పాపన్న కథనాల పరిశీలన

ప్రవేశిక

నిజంగా జరిగిన నేరాన్ని కథగా వినాలన్న కుతూహలం ఈనాటిది కాదు. వార్తా చానెళ్ల నేర కార్యక్రమాలు, పాడ్‌కాస్టులు, ధారావాహికలు దానికి నేటి రూపాలు మాత్రమే. ఈ కుతూహలానికి సాధారణంగా మూడు కారణాలు చెబుతుంటారు. ప్రమాదాన్ని సురక్షితమైన దూరం నుంచి చూడగలగడం మొదటిది, చిక్కుముడి విడిపోతున్నప్పుడు కలిగే ఆనందం రెండవది, దోషి శిక్ష పొందినప్పటి తృప్తి మూడవది. ఈ మూడూ కల్పిత అపరాధపరిశోధక నవలకు కూడా సమానంగా వర్తిస్తాయి. అందువల్ల ‘ఇది నిజంగా జరిగింది’ అన్న హామీ శ్రోతకు అదనంగా ఏమిస్తున్నదన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. పైగా జానపద వీరగాథ వినేవారికి కథ ముగింపు ముందే తెలుసు. అక్కడ విప్పవలసిన చిక్కుముడి లేదు. అయినా ఆ కథను తరతరాలుగా వింటూనే ఉన్నారు.

ఈ ప్రశ్నను సర్వాయి పాపన్న వృత్తాంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఒకే వ్యక్తి చేసిన చర్యలు ఒకవైపు మొగలు చరిత్రకారుని పారశీక గ్రంథంలో నేరచరిత్రగా, మరొకవైపు తెలుగు గాయకుల నోట వీరగాథగా నిలిచాయి. నేరకథనంలోని ఆకర్షణ ఎక్కడ ఏర్పడుతున్నదో, దానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో ఈ రెండింటినీ పక్కపక్కన చదివినప్పుడు తెలుస్తుంది.

చరిత్రకారుని కథనం

18వ శతాబ్ది పూర్వార్ధానికి చెందిన ఖాఫీ ఖాన్ రచన ‘ముంతఖబ్-ఉల్-లుబాబ్’లో పాపన్న వృత్తాంతం విస్తారంగా ఉంది. కల్లుగీత కులానికి చెందిన ఈ వ్యక్తి తన సోదరి ధనాన్ని దోచుకోవడంతో ఆ కథనం మొదలవుతుంది. ఆ సొమ్ముతో మనుషులను కూడగట్టి, తాటికొండలో కోట ఏర్పరచుకుని అతడు దారిదోపిడీలు సాగించాడు. తరువాత కౌలాస్ జమీందారు వెంకటరావు కొలువులో చేరి, అక్కడా దోపిడీలు మానక బందీ అయ్యాడు. జబ్బుపడిన తన కొడుకు కోలుకోవాలన్న ఆశతో జమీందారు భార్య ఖైదీలను విడిపించినప్పుడు పాపన్న కూడా విడుదలయ్యాడు. అటుపై షాపూరును, అంటే నేటి జనగామ జిల్లాలోని ఖిలాషాపూర్‌ను, స్థావరం చేసుకున్నాడు.

1708లో ముహర్రం ఆషూరా సమయాన వరంగల్లుపైన, మరో రెండు నెలలకు భువనగిరిపైన అతని దళాలు దాడి చేశాయి. వరంగల్లులో ధనంతోపాటు పెద్ద సంఖ్యలో స్త్రీలను, పిల్లలను పట్టుకుపోయారు. నగర ఖాజీ భార్య, కూతురు వారిలో ఉన్నారు. 1709లో బహదూర్‌షా హైదరాబాదులో దర్బారు తీర్చినప్పుడు పాపన్న 14 లక్షల రూపాయల కానుక సమర్పించి, చక్రవర్తి చేతి నుంచి ఖిల్లత్ స్వీకరించాడు. దాడులలో నష్టపోయినవారి పక్షాన కులీనులు నిరసన తెలిపిన తరువాతే అతనిని అణచివేయాలన్న ఆజ్ఞ వెలువడింది. 1710లో అతనిని వధించి, తలను చక్రవర్తి దర్బారుకు పంపారు. మొండాన్ని హైదరాబాదు ద్వారం వద్ద వేలాడదీశారు.

ఈ కథనం తటస్థమైనది కాదు. పాలకవర్గపు దృష్టి, గీత కులంపై చులకన అందులో స్పష్టంగా కనిపిస్తాయి. అయితే దాని నిర్మాణంలో గమనించవలసిన అంశం మరొకటి ఉంది. అది సోదరితో మొదలై, బందీలైన స్త్రీల మీదుగా సాగి, ద్వారానికి వేలాడిన మొండంతో ముగుస్తుంది. అంటే బాధితులు అందులో అభియోగానికి సాక్ష్యాలుగా ప్రవేశించి, శిక్ష అమలు కాగానే తెరమరుగవుతారు.

గాథలోని కథనం

జె.ఏ. బాయిల్ 1874లో ‘ఇండియన్ యాంటిక్వెరీ’లో తెలుగు వీరగాథలను పరిచయం చేస్తూ పాపన్న గేయపాఠాన్ని ప్రచురించాడు. తెలంగాణలో శారదకాండ్రు వంటి కళాకారులు ఈ కథను సజీవంగా నిలిపారు. గేయంలో పాపన్నను మనం మొదట చూసేది తల్లి ముందు. కులవృత్తి విడిచి ఈ సాహసాలెందుకని తల్లి మందలిస్తుంది. కల్లు కుండకు పరిమితమైన బతుకు తనకు వద్దని, గోల్కొండ సంపదపైనే తన చూపు ఉందని కొడుకు బదులు చెబుతాడు. ఆ తరువాత అతని అనుచరులు వరుసగా వస్తారు. చాకలి సర్వన్న, మంగలి మాసన్న, కుమ్మరి గోవిందు, దూదేకుల పీరు మొదలైనవారి పేర్లు కులవృత్తులతో సహా వినిపిస్తాయి.

చరిత్రకారుడు సోదరితో మొదలుపెట్టిన కథను గాయకుడు తల్లితో మొదలుపెట్టాడు. కథ మొత్తానికి దిశను నిర్ణయించింది ఈ మార్పే. సోదరి ముందు నిలిచిన పాపన్న నేరస్థుడు, తల్లి ముందు నిలిచిన పాపన్న కొడుకు. కన్నతల్లి భయాన్ని, కొడుకు తెగింపును ఒకేసారి చూసిన శ్రోత తీర్పు చెప్పే స్థానంలో ఉండలేడు. అనుచరుల పేర్లు వినిపించినప్పుడు శ్రోతలలోని ప్రతి వృత్తివాడికి కథలో ఒక చోటు దొరుకుతుంది. చరిత్రగ్రంథంలో కేవలం ఒక ‘మూక’గా ఉన్నవారు గేయంలో పేరుపేరునా మనుషులవుతారు. ఇది గాథ సాధించిన విజయమని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

సాధారణీకరణం: నేరకథలో దాని పరిమితి

భయం, రౌద్రం, జుగుప్స లోకంలో దుఃఖకరాలు. కావ్యంలో అవే ఆస్వాద్యాలవుతాయి. ఈ వైరుధ్యానికి భట్టనాయకుడు చూపిన పరిష్కారం సాధారణీకరణం. విభావాదులు ‘ఇవి ఫలానావారివి’ అన్న వ్యక్తిగత సంబంధం నుంచి విడివడినప్పుడే సహృదయుడు వాటిని ఆస్వాదించగలడని ఆ సిద్ధాంత సారాంశం. అభినవగుప్తుడు దీనిని మరింత విస్తరించాడు.

వాస్తవ నేరకథనం ఈ సూత్రానికి ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. దాని బలమంతా ఫలానా ఊరు, ఫలానా మనిషి, ఫలానా రోజు అన్న విశేషత్వంలోనే ఉంది. ఆ విశేషత్వాన్ని పూర్తిగా తొలగిస్తే అది కల్పితకథతో సమానమవుతుంది. పూర్తిగా నిలబెడితే రసానుభూతికి బదులు లౌకికమైన శోకం, కోపం మిగులుతాయి. కాబట్టి నేరకథకుడు కొందరి విశేషత్వాన్ని నిలిపి, మరికొందరి విశేషత్వాన్ని తొలగించవలసి వస్తుంది. ఎవరిని నిలిపాడు, ఎవరిని తొలగించాడు అన్నదే ఆ కథనపు నైతిక స్వరూపం.

పాపన్న గేయంలో తల్లి, కొడుకు, అనుచరులు నిలిచారు. దోపిడీకి గురైనవారు ‘గోల్కొండ సంపద’ అన్న ఒక్క మాటలో కలిసిపోయారు. సంపదకు ముఖం ఉండదు కనుక దానిని కొల్లగొట్టడం వినడానికి ఉత్సాహకరంగా ఉంటుంది. ఖాజీ కూతురికి ముఖం ఉంటే ఆ ఉత్సాహం నిలవడం కష్టం. ‘ఇది నిజంగా జరిగింది’ అన్న హామీ శ్రోతకు ఇచ్చే అదనపు ఆకర్షణ ఇక్కడ స్పష్టమవుతుంది. తనవంటి ఒక మనిషి నిజంగానే హద్దు దాటాడన్న నమ్మకాన్ని అది ఇస్తుంది, ఆ దాటడంలో నలిగినవారిని చూడవలసిన బాధ్యతను మాత్రం తప్పిస్తుంది.

ఇది మౌఖిక గాథకే పరిమితమైన లక్షణం కాదు. ట్రూమన్ కాపోటీ రచన ‘ఇన్ కోల్డ్ బ్లడ్’ 1959 నవంబరులో కాన్సాస్ రాష్ట్రంలోని హోల్కమ్‌లో ఒకే ఇంటిలో జరిగిన నాలుగు హత్యల కథ. 1965లో పత్రికలో వెలువడి, 1966లో పుస్తకంగా వచ్చింది. హతుల చివరి రోజును కాపోటీ శ్రద్ధతో చిత్రించాడు. అయినప్పటికీ గ్రంథం ముందుకు సాగేకొద్దీ కథనపు బరువు హంతకులలో ఒకడైన పెర్రీ స్మిత్ బాల్యం మీదకు, అతని గాయాల మీదకు మళ్లుతుంది. హతులకు పేర్లిచ్చిన రచన కూడా లోపలి జీవితాన్ని ప్రధానంగా హంతకునికే కేటాయించింది. పేరు ఉండటం, కథ ఉండటం ఒకటి కావని దీనివల్ల తెలుస్తుంది.

బందీల తిరుగుబాటు

పాపన్న పతనానికి సంబంధించిన ఒక ఘట్టం ఈ చర్చకు కీలకం. పాపన్న వేరొక కోట ముట్టడిలో ఉండగా షాపూరు చెరలోని బందీలు తప్పించుకుని, కోటనే స్వాధీనం చేసుకున్నారు. తిరిగివచ్చిన పాపన్నకు తన కోట నుంచే ఫిరంగులు ఎదురయ్యాయి. మొగలు సేనలు ఎంతోకాలం సాధించలేని పనికి దారి తెరిచింది ఆ చెరలోని మనుషులే.

కథా నిర్మాణం దృష్ట్యా దీనికి మించిన మలుపు ఈ వృత్తాంతంలో లేదు. సంకెళ్లలోని నిరాయుధులు కోటను గెలవడం వీరగాథకు తగిన వస్తువే. అయినా దాని చుట్టూ స్వతంత్ర గాథ అల్లుకోలేదు. చరిత్రకారుని దృష్టిలో అది సామ్రాజ్య విజయానికి ఒక మెట్టు. గాథకుని దృష్టిలో అది నాయకుని పతనానికి కారణం. ఆ మనుషులు ఎంతకాలం చెరలో ఉన్నారు, తిరిగి ఇల్లు చేరారా, చేరినవారిని ఇంటివారు స్వీకరించారా అన్న ప్రశ్నలు రెండు సంప్రదాయాల కథాచట్రంలోనూ ఇమడలేదు.

విమర్శ దృక్పథాలు

ఎరిక్ హాబ్స్‌బామ్ 1969 నాటి ‘బాండిట్స్’ గ్రంథంలో ‘సామాజిక బందిపోటు’ భావనను విపులీకరించాడు. రాజ్యం దృష్టిలో నేరస్థుడై, రైతుల దృష్టిలో వీరుడైన వ్యక్తి అతడు. జాన్ రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980 నాటి వ్యాసంలో పాపన్న వృత్తాంతపు చారిత్రక, జానపద రూపాలను జోడించి చదివారు. రిచర్డ్ ఈటన్ 2005 నాటి దక్కను సామాజిక చరిత్రలో ఒక అధ్యాయాన్ని పాపన్నకు కేటాయించాడు. పాపన్న పేదల పక్షపాతి అవునా కాదా అన్న చర్చ ఈ పరిశోధనల వల్ల గణనీయంగా ముందుకు సాగింది.

అయితే ఈ చర్చకు కేంద్రం పాపన్నే. అతనిని వీరుడన్నా, బందిపోటన్నా కథ అతని చుట్టూనే తిరుగుతుంది. బందీల స్థానం నుంచి వృత్తాంతాన్ని తిరిగి చదవడానికి ఇంకా ఎంతో అవకాశం ఉంది.

నేడు తెలంగాణ ప్రభుత్వం ఆగస్టు 18న పాపన్న జయంతిని అధికారికంగా నిర్వహిస్తోంది. శతాబ్దాలుగా చరిత్రపుటలలో చులకనకు గురైన కులాలు ఆయనలో తమ ఆత్మగౌరవాన్ని చూసుకోవడం న్యాయమైనదే. ఖాఫీ ఖాన్ తిరస్కారానికి గాయకులు ఇచ్చిన జవాబు అది. పైన చేసిన ప్రతిపాదన ఆ జవాబును కాదనదు. పేరులేని అనుచరులకు పేర్లు ఇవ్వగలిగిన సంప్రదాయం పేరులేని బందీల గురించి కూడా ఆలోచించగలదన్న నమ్మకమే దానికి ఆధారం.

ముగింపు

ఈ పరిశీలనలో మూడు అంశాలు తేలాయి. మొదటిది, వాస్తవ నేరకథ ఆకర్షణకు హింసాచిత్రణ ప్రధాన కారణం కాదు. మనవంటి మనిషి హద్దు దాటిన క్షణాన్ని దగ్గరగా చూపడమే దాని బలం. గేయంలోని తల్లి-కొడుకుల సంవాదం ఇందుకు నిదర్శనం. రెండవది, ఆ ఆకర్షణ నేరస్థుని విశేషత్వాన్ని నిలిపి, బాధితుల విశేషత్వాన్ని తొలగించే పాక్షిక సాధారణీకరణంపై ఆధారపడుతుంది. మూడవది, రాజ్యపక్ష కథనం బాధితులను ప్రస్తావించినా సాక్ష్యంగా వాడుకుంటుంది తప్ప పాత్రలుగా నిలపదు. కాబట్టి గాథను విమర్శించడానికి చరిత్రగ్రంథాన్ని ప్రమాణంగా తీసుకోవడం సరికాదు.

నేరకథనాలను వీరుడా, నేరస్థుడా అన్న ద్వంద్వంలోనే చదివే పద్ధతికి తోడుగా, కథనం ఎవరితో మొదలైంది, ఎవరి పేరు నిలిచింది, ఎవరు సంఖ్యగా మిగిలారు అన్న ప్రశ్నలను పరిశోధకులు ప్రతి పాఠానికీ వేయవలసి ఉంది. పాపన్న కథ మౌఖిక పాఠాంతరాలను ఇంకా సేకరిస్తున్నవారు షాపూరు చెర ప్రస్తావన వచ్చే చోట గాయకులను ఆపి, లోపల ఉన్నవారి గురించి ఏమైనా చెబుతారా అని అడగడం ఆ పనికి మొదటి మెట్టు కాగలదు.