గతితర్కం ప్రశ్న వేసిన చోట, తీర్పు చెప్పిన చోట

కుప్పం పక్కన గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులున్నాయి. అక్కడి రాతిపొర రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగదు. అవతల కర్ణాటకలో అదే కోలారు గనులుగా సాగుతుంది. 1965లో ఆ కోలారులో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, మన టాటా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఒసాకా, డర్హమ్ నగరాల బృందాలతో కలిసి వాతావరణంలో పుట్టిన న్యూట్రినో కణాల జాడ పట్టారు. అంత మందం రాయి మిగతా విశ్వకిరణాలను దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది. న్యూట్రినోకు మాత్రం భూగోళం కూడా అడ్డు కాదు. ఎప్పుడో ఒకటి రాతిలో ఢీకొని మరో రకం కణమైన మ్యూయాన్‌ను పుట్టిస్తుంది. పక్కవాటుగా దూసుకొచ్చే ఆ మ్యూయాన్ పరికరానికి చిక్కుతుంది.

ఆ గనిలోకి దిగినవాళ్లు మార్క్సిజాన్ని రుజువు చెయ్యడానికి దిగలేదు. కానీ అంతకు మూడేళ్ల ముందే, 1962లో, జపాన్‌లోని నగోయాలో షోయిచి సకాటా తన సహచరులు మాకీ, నకగావాలతో కలిసి ఒక మాట అన్నాడు: వేర్వేరు రకాల న్యూట్రినోలు ఒకదానిలో ఒకటి కలిసి ఉండవచ్చు. సకాటా మార్క్సిస్టు. తన పరిశోధనకు దారి చూపింది ఎంగెల్స్ పుస్తకం ‘ప్రకృతి గతితర్కం’ అని బాహాటంగా చెప్పుకున్న భౌతికశాస్త్రవేత్త. 1998లో జపాన్‌లోని సూపర్ కమియొకాండే ప్రయోగం, కోలారులో దొరికినలాంటి వాతావరణ న్యూట్రినోలనే లెక్కగట్టి, అవి దారిలో రకం మార్చుకుంటున్నాయని నిర్ధారించింది. సకాటా బృందం చెప్పిన కలయిక ఉంటేనే అది సాధ్యం.

ఎంగెల్స్ దగ్గర సకాటాకు దొరికింది ఏమిటి? పదార్థానికి చివరి ఇటుక అంటూ ఉండదన్న నమ్మకం. అణువు, పరమాణువు, కేంద్రకం, అందులోని కణాలు: ఏ మెట్టుకు ఆ మెట్టుకు తనవైన నియమాలు, ప్రతి మెట్టు కిందా మరో మెట్టు. ఆయన మిత్రుడు తకెతానీ ఇంకా ముందుకెళ్లి, శాస్త్రజ్ఞానం మూడు దశల్లో నడుస్తుందన్నాడు. మొదట కంటికి కనిపించేదాన్ని వర్ణిస్తాం. తర్వాత దాని వెనక ఏ పదార్థం ఏ అమరికలో ఉందో వెతుకుతాం. చివరికి అది కదిలే నియమాన్ని పట్టుకుంటాం. ఇది పనికొచ్చే పద్ధతి. ఎందుకంటే ఇప్పుడు ఏ దశలో ఉన్నాం, తర్వాత ఏం వెతకాలి అన్నది పరిశోధకుడికి ఇది గుర్తుచేస్తుంది. ప్రోటాన్, న్యూట్రాన్, లాంబ్డా అనే మూడింటినే మూలంగా తీసుకుని 1956లో సకాటా కట్టిన నమూనా నిలవలేదు. 1964 తర్వాత క్వార్కులు దాని చోటు తీసుకున్నాయి. అయినా కనిపించే కణాల కింద మరో మెట్టుందన్న ఆయన పట్టుదలే గెలిచింది. గతితర్కం జవాబు ఇవ్వదు, ఎటు తవ్వాలో చెబుతుంది అంటే నా ఉద్దేశం ఇదే.

మన దగ్గర రాజకీయ తరగతుల్లో గతితర్కం అనగానే నీళ్లు నూరు డిగ్రీల దగ్గర ఆవిరి కావడం చెబుతారు. పరిమాణంలో మార్పు గుణంలో మార్పుగా మారుతుందనడానికి ఆ ఉదాహరణ సరైనదే. కానీ నూట యాభై ఏళ్లుగా దాన్నే చెబితే వినేవాళ్లకు అదో మంత్రంగా మిగులుతుంది. మదనపల్లెలో ఉండి నీళ్ల కుండ దాకా ఎందుకు? ఊరి పక్కనే ఆరోగ్యవరం ఉంది.

1915 నుంచి అక్కడి శానిటోరియంలో క్షయకు వైద్యం జరిగింది. మందులు లేని ఆ రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి, ఇవే చికిత్స. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. బ్రిటన్‌లో దాన్ని ఒక్కదాన్నే ఇచ్చి చూస్తే రోగులు మొదట కోలుకున్నారు, తర్వాత చాలామందిలో మందు పనిచెయ్యడం మానేసింది. ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. ఊపిరితిత్తిలో పుండు పడి ఏర్పడిన గుంతలో క్రిములు కోట్లలో ఉంటాయి. వాటిలో ఆ మందుకు లొంగనివి, మందు పడకముందే, ఏ కొన్నో ఉంటాయి. మందు లొంగేవాటిని చంపి, లొంగనివాటికి చోటు ఖాళీ చేస్తుంది. రోగిని బాగుచేస్తున్న మందే తనను ఓడించే క్రిములను పెంచుతుందన్న మాట. మార్పుకు మూలం లోపలి వైరుధ్యం, బయటి కారణం దాన్ని కదిలించే పరిస్థితి అని గతితర్కం చెప్పే మాట కళ్లకు కట్టేది ఇక్కడే. పరిష్కారమూ అక్కడి నుంచే వచ్చింది: పాస్, ఐసోనియజిడ్ లాంటి మందులను కలిపి ఇస్తే, ఒకదానికి లొంగని క్రిమిని రెండోది పట్టుకుంటుంది.

1956లో మద్రాసులో మొదలైన పరిశోధన ఇంకో మెట్టు ఎక్కింది. కొందరు రోగులను శానిటోరియంలో ఉంచి, మరికొందరిని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి, అవే మందులు ఏడాది పాటు ఇచ్చారు. ఇంటి దగ్గరివాళ్లకు తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ. అయినా ఫలితం దాదాపు సమానంగా వచ్చింది. ఆరోగ్యవరం లాంటి చోట్ల దశాబ్దాల తరబడి రోగులను దగ్గరుండి చూసి సంపాదించిన జ్ఞానం వృథా పోలేదు, రోగుల గడపకు చేరింది. పాతదాన్ని తోసేస్తూనే దానిలోని సారాన్ని నిలుపుకోవడాన్నే మార్క్సిస్టులు అభావం అంటారు.

ఇంతవరకు బాగుంది. ఇక గతితర్కం పేరుతో తీర్పు చెప్పిన చోటు చూడాలంటే పుంగనూరు ఆవు దగ్గరికి రావాలి. మీటరు ఎత్తు కూడా ఉండని ఈ ఆవు మేత చాలక పొట్టిగా మిగలలేదు. ఆ పొట్టితనం తరాలుగా వస్తున్న వారసత్వం. ఎంత మేపినా అది ఒంగోలు ఎత్తుకు ఎదగదు. సోవియట్ యూనియన్‌లో లైసెంకో అనే వ్యవసాయ శాస్త్రవేత్త ఇలాంటి వారసత్వాన్నే కాదన్నాడు. జీవి బతికే పరిస్థితులను మారిస్తే దాని వంశలక్షణమే మారుతుందని, జన్యుశాస్త్రం బూర్జువా శాస్త్రమని అన్నాడు. అదే గతితర్కమని చాటారు. విత్తనాలు సేకరించడానికి దేశదేశాలు తిరిగిన, లైసెంకోను వ్యతిరేకించిన జన్యుశాస్త్రవేత్త వవిలోవ్ 1943లో జైల్లో చనిపోయాడు. 1948లో పార్టీ అండతో జన్యుశాస్త్రాన్నే నిషేధించారు. దీన్ని మార్క్సిజం శత్రువుల ప్రచారం అని కొట్టిపారేసే కామ్రేడ్లు ఇప్పటికీ తగులుతారు. అది తప్పు. పొలంలోనూ ప్రయోగశాలలోనూ తేలాల్సిన విషయాన్ని సభలో తీర్మానంతో తేల్చారు. అలా చెయ్యడం గతితర్కానికే ద్రోహం.

క్షయ క్రిమి కథ కూడా లైసెంకోకు వ్యతిరేక సాక్ష్యమే. లొంగని గుణాన్ని మందు పుట్టించలేదు, లోపల ఉన్నదాన్ని ఎంచి పెంచింది. పుంగనూరు ఆవు కూడా అలా ఎంపికతో తరతరాలుగా నిలిచిందే. పాల కోసం విదేశీ జాతులతో సంకరం చేసుకుంటూ పోయి ఒక దశలో దాన్ని పోగొట్టుకునేదాకా వచ్చాం. పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఆ జాతిని కాపాడుకుంటూ వస్తోంది.

మార్క్సిస్టుగా జన్యుశాస్త్రం చేసిన వాళ్లలో నాకు అందరికన్నా గౌరవం జె.బి.ఎస్. హాల్డేన్ మీద. ఎంపిక ఎంత వేగంగా పనిచేస్తుందో గణితంతో చూపించాడు. 1938లో మార్క్సిస్టు తత్వం, శాస్త్రాల సంబంధం మీద పుస్తకం రాశాడు. ఎంగెల్స్ ‘ప్రకృతి గతితర్కం’ ఇంగ్లీషు అనువాదానికి ముందుమాట రాస్తూ, అందులో కాలం చెల్లిన శాస్త్ర విషయాలు ఏవో వివరణల్లో ఎత్తిచూపాడు. గురువును చదవాల్సిన తీరు అది. లైసెంకోను ఖండించడానికి మొదట తటపటాయించాడు, చివరికి బ్రిటన్ కమ్యూనిస్టు పార్టీకి దూరమయ్యాడు. 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడి పౌరుడయ్యాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు.