పురుగుమందు, విత్తనం, కెమెరా

పర్యావరణ రచనల గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా మనం 1962లో వచ్చిన రేచల్ కార్సన్ ‘సైలెంట్ స్ప్రింగ్’ దగ్గర మొదలుపెడతాం. డీడీటీ చెట్టు ఆకు మీంచి వానపాములోకి, వానపాములోంచి పిట్టలోకి చేరుతుందనీ, ఇలాంటి మందులు చివరికి తల్లిపాలలో కూడా తేలతాయనీ ఆమె చూపించింది. రసాయన కంపెనీలు జవాబు చెప్పే బదులు ఆమెకి హిస్టీరియా అన్నాయి, పెళ్లి కాకపోవడాన్ని ఎత్తిచూపిన వాళ్లూ ఉన్నారు. రొమ్ము క్యాన్సర్‌తో బాధపడుతూనే, ఆ సంగతి బయటికి తెలియనివ్వకుండా ఆమె పుస్తకం పూర్తి చేసి, 1964లో చనిపోయింది. స్త్రీకి శాస్త్రం గురించి మాట్లాడే అధికారం ఎక్కడిదన్న ప్రశ్న ఆ దాడి వెనక ఉంది.

అయినా ఆ పుస్తకం మొదటి అధ్యాయంతో నాకో పేచీ ఉంది. పిట్టలు కూయని ఊరి కథ చెప్పి, ఇదంతా మనుషులు తమకు తాము చేసుకున్నదే అంటుందామె. ఏ మనుషులు? మందు తయారుచేసినవాళ్లూ, కొన్నవాళ్లూ, కూలికి పిచికారీ చేసినవాళ్లూ ఒకే మాటలో ఎలా ఇముడుతారు? తర్వాతి అధ్యాయాల్లో కార్సన్ కంపెనీలనీ ప్రభుత్వ శాఖలనీ నిలదీసింది, నిజమే. కానీ మన పర్యావరణ కవిత్వం చాలావరకు ఆ మొదటి అధ్యాయం దగ్గరే ఆగిపోయింది. ‘మనిషి’ ప్రకృతిని పాడుచేశాడని వాపోతుంది. ఆ మనిషికి కులం లేదు, జెండర్ లేదు, అప్పు లేదు.

ఈ లోటుకు జవాబు నాకు ఒక సినిమాలో దొరికింది. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో పనిచేసే గ్రామీణ స్త్రీలు, ఎక్కువమంది దళితులు, కెమెరాలు పట్టుకుని వరంగల్ వెళ్లారు. ఆ పత్తి వేసిన రైతుల మాటల్ని చిత్రించారు. బీటీ పత్తి మీద వరంగల్ రైతులకి కోపం ఎందుకని అడిగే ఆ చిత్రం 2003లో వచ్చింది. అందులో ‘మనుషులు’ లేరు. విత్తనం ధర ఉంది, దిగుబడి ఉంది, నష్టం ఉంది. 450 గ్రాముల ప్యాకెట్ అప్పట్లో 1,600 రూపాయలు. హైబ్రిడ్ కాబట్టి ఇంట్లో దాచుకున్న గింజ మళ్లీ అదే పంట ఇవ్వదు. ఏటా కొనాల్సిందే.

బీటీ వల్ల మొదటి ఏళ్లలో కాయతొలుచు పురుగుకి కొట్టే మందు తగ్గిన మాట కాదనక్కర్లేదు. తర్వాత గులాబీరంగు పురుగు దానికి తట్టుకుని నిలబడిందన్న మాటా దాచక్కర్లేదు. నాకు ముఖ్యమనిపించింది వేరే. ఈ స్త్రీలు టెక్నాలజీని కాదనలేదు. కెమెరా కూడా టెక్నాలజీయే కదా! దాన్ని నేర్చుకున్నారు, తమకు కావలసినవైపు తిప్పారు. విత్తనం విషయంలో ఆ వీలు లేకుండా పోయింది. ఒక పరికరం మంచిదా చెడ్డదా అని అడిగే ముందు, అది ఎవరి చేతిలో ఉంది, వద్దనే హక్కు ఎవరికుంది, నష్టం ఎవరి ఒంటిమీద పడుతుంది అని అడగాలి. స్త్రీని ప్రకృతితో సమానం చేసి కొలిచే ఎకోఫెమినిజం కంటే ఈ ప్రశ్నలే మనకి పనికొస్తాయి.

ఆ ప్రశ్నలతోనే మన సాహిత్యాన్ని చదివి చూద్దాం. పత్తి రైతు ఆత్మహత్య మీద మనకి కథలూ కవితలూ బోలెడున్నాయి. హైబ్రిడ్ పత్తి విత్తనం తయారుకావాలంటే ఒక్కో పువ్వునీ చేత్తో విప్పి క్రాసింగ్ చెయ్యాలి. కర్నూలు, మహబూబ్‌నగర్ విత్తనచేలలో ఏళ్ల తరబడి ఆ పని చేసింది ఎక్కువగా బడి మానేసిన ఆడపిల్లలు. ఆ వేళ్లు మన కథల్లోకి ఎన్నిసార్లు వచ్చాయి?