హంతకుడు దొరికాడు, భూస్వామి తప్పుకున్నాడు

1967లో నార్మన్ జూయిసన్ తీసిన 'ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్' అనగానే అందరూ ఆ చెంపదెబ్బనే తలుచుకుంటారు. మిసిసిపీలోని స్పార్టా అనే చిన్న ఊళ్లో పత్తితోటల యజమాని ఎండికాట్, నల్లజాతి డిటెక్టివ్ టిబ్స్‌ను కొడతాడు. టిబ్స్ వెంటనే తిరిగి కొడతాడు. ఆ దెబ్బ విలువను నేను తగ్గించను. కాని అపరాధ పరిశోధక కథకు ఒక్క హంతకుడు చాలు, ఊరంతా నిర్దోషి అయిపోతుంది. హతుడు ఫ్యాక్టరీ పెట్టవచ్చిన పెట్టుబడిదారు. ఆ ఫ్యాక్టరీ గిట్టనివాడు ఎండికాట్. తీరా హంతకుడిగా తేలింది ఎవరు? డబ్బు కోసం దోపిడీకి దిగిన తెల్ల హోటలు పనివాడు! (ఉత్తమ నటుడి ఆస్కారు కూడా పోలీసు అధికారి వేషం వేసిన రాడ్ స్టైగర్‌కే, టిబ్స్‌గా నటించిన సిడ్నీ పోయిటర్‌కు నామినేషనే లేదు.) భూస్వామిని తప్పించి పనివాణ్ణి పట్టించిన ఈ ముగింపులో రచయితల వర్గదృష్టి స్పష్టం. ఎండికాట్ తోటలో పత్తి ఏరే నల్లజాతి కూలీలను కారు దాటిపోతుంటే చూస్తాం. వాళ్లకు కథలో ఒక్క మాటా లేదు.